ముందే ఉద్యోగం మానేస్తే ఈపీఎఫ్ పింఛను తగ్గుతుందా?

ఉద్యోగం ముందుగా మానేసినంత మాత్రాన పింఛనులో కోత పడదు. 58 ఏళ్లు నిండకముందే దాన్ని తీసుకోవడం మొదలుపెడితేనే పడుతుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉన్నవారు 50 దాటాక ఎప్పుడైనా అడగవచ్చు. కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే, ఏడాదికి 4 శాతం చొప్పున అంత తగ్గిస్తారు. పింఛను ఎక్కువ కాలం చెల్లించాల్సి వస్తుంది కదా, అందుకు.

విశాఖ ఆటోనగర్‌లో ఒక ఫిట్టర్ 57 ఏళ్లు నిండగానే పని మానేశాడనుకుందాం. పింఛనుకు లెక్కించే జీతం 15,000, సర్వీసు 14 ఏళ్లు. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే నెలకు 3,000 రూపాయలు. వెంటనే తీసుకుంటే 2,880. ఫారం 10సి ఇచ్చి స్కీమ్ సర్టిఫికెట్ (అప్పటివరకు చేసిన సర్వీసుకు రుజువు పత్రం) తీసుకుని, ఏడాది ఆగి పింఛను దరఖాస్తు అయిన ఫారం 10డి పెడితే పూర్తి 3,000. మానేశాక సర్వీసు పెరగదు, అది వేరే సంగతి.

చాలామంది పొరబడేది ఇక్కడే: 58 రాగానే కోత ఎత్తేస్తారనుకుంటారు. ఎత్తేయరు, అది జీవితాంతం ఉంటుంది. ఇల్లు గడవడానికి వేరే ఆధారం ఉంటే తొందరపడనక్కరలేదు. 60 వరకు ఆగితే ఏడాదికి 4 శాతం కలుస్తుంది కూడా.