తాళంచెవి చప్పుడైతే చాలు, వణికిపోతోంది

ప్రశ్న: మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్ మాది. మూడేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు చెర్రీ. మొన్నటిదాకా ఇంటి నుంచే పని చేసేదాన్ని. రెండు నెలలుగా ఆఫీసుకి వెళ్తున్నా. తాళంచెవి చేతిలోకి తీసుకోగానే వణుకు మొదలవుతుంది. మేం వెళ్లాక ఒకటే అరుపులు, తలుపు అడుగుభాగమంతా గీకేసింది, హాల్లో పాస్ పోస్తోంది. తిరిగొచ్చి తిడితే తల దించుకుని మూలకు నక్కుతుంది. అంటే తప్పు చేశానని దానికి తెలుసనేగా? పక్కింటివాళ్లు అసోసియేషన్‌కి ఫిర్యాదు కూడా చేశారు.

జవాబు: ముందు ఆ తల దించుకోవడం సంగతి చూద్దాం. మీ ముఖం, గొంతు చూసి భయపడి ‘కోప్పడకు’ అని బతిమాలుకోవడం అది. ఎప్పుడో పొద్దున పోసిన పాస్‌కీ, సాయంత్రం మీరు తిట్టే తిట్లకీ చెర్రీ ముడిపెట్టుకోలేదు. దానికి మిగిలేదల్లా ఒకటే: అమ్మ వెళ్తే భయం, వచ్చినా భయమే. కాబట్టి ఈ రోజు నుంచే తిట్లు ఆపేయండి.

తర్వాత పని, పాత ఫోను ఒకటి హాల్లో షెల్ఫు మీద పెట్టి, వీడియో ఆన్ చేసి అరగంట బయటికి వెళ్లి రండి. ఒంటరితనం భయం ఉన్న కుక్క సాధారణంగా తొలి అరగంటలోపే బయటపడిపోతుంది. ఫ్యాన్ కిందే ఉన్నా ఆయాసపడుతుంది, చొంగ కారుస్తుంది, తలుపుకీ సోఫాకీ మధ్య అదే పనిగా తిరుగుతుంది, ఇష్టమైన తిండి పెట్టినా మూతి పెట్టదు. హాయిగా గంట నిద్రపోయి, లేచి, చెప్పు కొరకడం మొదలుపెడితే మాత్రం అది విసుగు. దానికి నడక, కొరకడానికి బొమ్మలు చాలు. లిఫ్టు ఆగినప్పుడో, వరండాలో ఎవరైనా నడిచినప్పుడో మాత్రమే అరుస్తుంటే అది కాపలా అరుపు. మీరు ఇంట్లో ఉన్నప్పుడూ పాస్ పోస్తుంటే ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉన్న కుక్కకి ఎంత శిక్షణ ఇచ్చినా ఉపయోగం లేదు. మీరు చెప్పిన వణుకు, తలుపు గీకడం చూస్తే చెర్రీది భయమే అనిపిస్తోంది.

శిక్షణలో మొదటి భాగం, మీరు బయల్దేరే గుర్తుల విలువ తీసేయడం. రోజుకి పదిసార్లు తాళంచెవి తీసి, గలగలలాడించి, మళ్లీ కూర్చుని పని చేసుకోండి. చెప్పులు వేసుకుని వంటింట్లోకి వెళ్లి కూర తరగండి. బ్యాగు తగిలించుకుని టీవీ చూడండి. చెర్రీ తల కూడా ఎత్తని స్థితి వచ్చేదాకా ఒక్క గుర్తుతోనే ఉండి, ఆ తర్వాతే ఇంకోదానికి వెళ్లండి.

రెండో భాగం తలుపు. రోజుకి ఒకసారి 15–20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. మొదట గడియ ముట్టుకుని వెనక్కి రండి. తర్వాత తలుపు కొంచెం తెరిచి మూయండి. తర్వాత బయటికి అడుగుపెట్టి వెంటనే లోపలికి. ఆ తర్వాత తలుపు మూసి ఒక సెకను, మూడు సెకన్లు, అయిదు, మళ్లీ రెండు, ఎనిమిది... ఎప్పుడూ పెంచుకుంటూనే పోతే ప్రతిసారీ ‘ఈసారి ఇంకా ఎక్కువసేపా’ అని కంగారుపడుతుంది. అందుకే మధ్యమధ్యలో తగ్గించాలి. ప్రతిసారీ లోపలికొచ్చాక అది కుదుటపడేదాకా, నిమిషమైనా సరే, ఆగండి. ఫ్లాటులో తాళం ‘టక్’మనే చప్పుడు ఒక మెట్టు, లిఫ్టు గంట ఇంకో మెట్టు. వాటిని విడిగా అలవాటు చేయాలి. ఎలా ఉందో ఫోన్లో చూస్తూ ఉండండి. చెవులు వెనక్కి అతుక్కుపోయాయా, పెదాలు నాకుతోందా, నిద్ర రాకుండానే ఆవలిస్తోందా? ఇవి అరుపుకి ముందు మెట్లు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజు సమయం సగానికి తగ్గించండి.

అరగంట దాటడమే కష్టం. అక్కడికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఆ తర్వాత అయిదు, పది నిమిషాల చొప్పున పెంచుకోవచ్చు. గంటన్నర, రెండు గంటలు నిశ్చింతగా పడుకోగలిగిన కుక్కల్లో చాలావరకు సగం రోజు ఉండగలుగుతాయి.

ఎక్కువ కుటుంబాలు ఓడిపోయేది ఇక్కడే: సాయంత్రం 40 సెకన్లు సాధన చేయించి, పొద్దున్నే తొమ్మిది గంటలు వదిలేసి వెళ్లిపోతారు. వారమంతా కట్టిన గోడ ఒక్క పూటలో కూలిపోతుంది. శిక్షణ నడిచినన్నాళ్లూ తట్టుకోగలిగిన సమయానికి మించి దాన్ని ఒంటరిగా ఉంచకూడదు. అత్తయ్య, రిటైరైన పక్కింటి మాస్టారు, డాగ్ డేకేర్, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని, ఏది కుదిరితే అది కలుపుకోండి. కష్టమే, తెలుసు. కానీ ఇది లేకుండా మిగతావేవీ పనిచేయవు.

తిండి నింపే రబ్బరు బొమ్మ గురించి చాలామంది చెబుతారు. ఉప్పు లేని పెరుగన్నంలో ఉడికించిన గుమ్మడికాయ కలిపి, బొమ్మలో కూరి, రాత్రంతా ఫ్రీజర్లో పెడితే పొద్దున అరగంటైనా నాకుతుంది. ఆ మేరకు రాత్రి భోజనం తగ్గించండి. పీనట్ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) అని ఉందేమో చూడండి, అది కుక్కలకి విషం. ఉల్లిపాయ, కిస్‌మిస్ కూడా వద్దు. అయితే భయపడే కుక్క మీరు వెళ్లగానే బొమ్మ వదిలేసి, మీరు రాగానే ఆబగా తింటుంది. అలా జరిగితే సమయం ఎక్కువైపోయిందని అర్థం. బయటికి వెళ్లేటప్పుడే బొమ్మ ఇచ్చే అలవాటు పెట్టుకోకండి, అది ఇంకో తాళంచెవి అయి కూర్చుంటుంది.

అసోసియేషన్‌కి ఆ వీడియో చూపించి, మీరేం చేస్తున్నారో చెప్పండి. చాలామంది మెత్తబడతారు. మెజారిటీ తీర్మానంతో కూడా పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. కానీ పక్కింటి పసిపాప నిద్ర కూడా నిజమే కదా. గొడవకి దిగకుండా గడువు అడగండి.

ప్రశ్న: విజయవాడలో ఉంటాం. మా పగ్‌ని బయటికి వెళ్లేటప్పుడు బోనులో పెట్టమని ఒకరు, వరండాలో గొలుసుతో కట్టేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. భయపడే కుక్కని బోనులో పెడితే ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది, గోళ్లు ఊడిపోయి రక్తం కారుతుంది. మీరు ఇంట్లో ఉన్నప్పుడు తనంతట తాను బోనులోకి వెళ్లి పడుకునే కుక్క సంగతి వేరు. దానికైనా తలుపు తెరిచే ఉంచండి.

గొలుసు విషయానికొస్తే, మరీ పొట్టి గొలుసుతో అనవసరంగా ఎక్కువసేపు కట్టేయడం, కట్టేసి ఉంచే కుక్కకి నడక లేకుండా చేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. అంతకన్నా ముఖ్యం, మీది పగ్. పొట్టి ముక్కు కుక్క ఆయాసంతో ఒళ్లు సరిగా చల్లబరుచుకోలేదు. భయంతో ఆయాసం, పైన విజయవాడ మే నెల ఎండ, రెండూ కలిస్తే వడదెబ్బతో ప్రాణమే పోవచ్చు. లోపలి గదిలో, ఇన్వర్టర్‌కి కలిపిన ఫ్యాన్ కింద, గుమ్మానికి బేబీ గేటు పెట్టి ఉంచండి. నీళ్లు రెండు గిన్నెల్లో పెట్టండి, ఒకటి దొర్లించినా ఇంకోటి ఉంటుంది. చార్జర్ తీగలు, ఆలౌట్ మిషన్ తీసేయండి.

ప్రశ్న: నిద్రమాత్ర సగం ఇస్తే మంచిదేనా? మా కుక్క శిక్షణకి అస్సలు లొంగడం లేదు.

జవాబు: మనుషుల మాత్ర మీ అంతట మీరు ఒక్కటీ ఇవ్వకండి. కొన్ని మత్తుమందులు ఒంటిని కదలనివ్వవు గానీ భయం అలాగే ఉంటుంది, కుక్కకి అది నరకం. పది సెకన్లు కూడా తట్టుకోలేని కుక్కలకి మందు అవసరమే, సిగ్గుపడాల్సిన పని లేదు. ఇందుకు పశువైద్యులు ఎక్కువగా రాసేవి ఫ్లూఆక్సిటీన్, క్లోమిప్రమైన్. రోజూ ఇవ్వాలి, పూర్తి ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, శిక్షణ పక్కనే నడవాలి. మధ్యలో ఉన్నట్టుండి ఆపకూడదు. డాక్టరు దగ్గర రెండు సంగతులు దాచకండి: గతంలో ఫిట్స్ వచ్చాయా, పిడుదులకి అమిట్రాజ్ మందు పూస్తున్నారా. పై మందులతో అమిట్రాజ్ కలవకూడదు.

ప్రశ్న: మూడు నెలల కుక్కపిల్లని తెచ్చుకున్నాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. ఎనిమిది గంటలు వదిలేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ వయసులో మూడు, నాలుగు గంటలకి మించి పాస్ ఆపుకోలేదు. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి అన్నం పెట్టి, బయట తిప్పే ఏర్పాటు చేసుకోండి. ఇప్పటి నుంచే రోజూ అయిదు నిమిషాలు దాన్ని బేబీ గేటు అవతల ఉంచి, మీరు పక్క గదిలో తిరుగుతూ అలవాటు చేయండి.

ప్రశ్న: తోడుగా ఇంకో కుక్కని తెస్తే అరుపులు తగ్గుతాయా?

జవాబు: సాధారణంగా తగ్గవు. మీ కుక్కకి కావాల్సింది మనిషి. తెచ్చే ముందు స్నేహితుల కుక్కని ఒక పూట ఇంట్లో ఉంచి, కెమెరా పెట్టి, పావుగంట బయటికి వెళ్లి చూడండి. అప్పుడూ తలుపు దగ్గరే నిలబడి ఏడుస్తుంటే, రెండో కుక్క ఆలోచన మానుకోండి.