దాచుకోవడంతోనే సగం అలసిపోతున్నావు బిడ్డా

ప్రశ్న: మాది హనుమకొండ, నాకు 26 ఏళ్లు. చాలా రోజులుగా సోరియాసిస్ ఉంది. మోచేతుల మీద, తలలో పొలుసులు. చిన్నమ్మ నా దువ్వెన, టవల్ వేరే పెట్టించింది. సద్దుల బతుకమ్మకు అందరూ పద్మాక్షి గుట్ట దగ్గరికి పోతే నేను ఇంట్లోనే ఉన్నా. సంబంధాలు చూస్తున్నారు, అమ్మ ఎవరికీ చెప్పొద్దంటోంది. నిద్ర పట్టట్లేదు. ఒక్కోసారి బతకడం ఎందుకనిపిస్తోంది.

జవాబు: బిడ్డా, ముందు నీ చివరి మాట గురించే. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకు, నమ్మకమున్న మనిషికి చెప్పు, లేదంటే 14416కు ఫోన్ చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలీ మానస్ అంటారు, పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

సోరియాసిస్ అంటుకునే రోగం కాదు. ఒంట్లో రోగనిరోధక శక్తి గాడి తప్పి, నెల రోజులు పట్టాల్సిన కొత్త చర్మం కొద్ది రోజుల్లోనే పైకి తోసుకొచ్చి పొలుసులుగా రాలుతుంది, అంతే. దువ్వెనతో, టవల్‌తో ఎవరికీ రాదు. చిన్నమ్మ నీ మాట వినకపోతే ఈసారి డాక్టరు దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుని పో.

టెన్షన్ పడితే మచ్చలు పెరుగుతాయి, మచ్చలు చూసుకుంటే టెన్షన్ పెరుగుతుంది. అందుకే నిద్ర లేకపోవడం, దిగులు కూడా ఈ జబ్బు లెక్కలోవే. వరంగల్ ఎంజీఎంలో చర్మ వైద్యులూ ఉన్నారు, మానసిక వైద్యులూ ఉన్నారు, ఇద్దరికీ చూపించుకో. 'పిచ్చి డాక్టరు దగ్గరికా' అని ఇంట్లో అంటే అననీ. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మాత్రం తెచ్చుకోకు, రాసినన్నాళ్లు తగ్గినట్టే ఉండి, ఆపగానే ఇంకా ఎక్కువై వస్తుంది. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోతుంటే అదీ డాక్టరుకు చెప్పు, ఈ జబ్బులో కొందరికి కీళ్లవాతం కూడా వస్తుంది.

ఇక పెళ్లి. మీ అమ్మ భయం నాకు తెలుసు, అయినా ఆమె మాటకు నేను ఒప్పుకోను. తెల్లారకముందే లేచి దిండు మీద రాలిన పొట్టు దులుపుకుంటూ, ఆయింట్‌మెంట్ ట్యూబు చీర మడతల్లో దాచుకుంటూ ఎన్నాళ్లని కాపురం చేస్తావు చెప్పు? మాట ఖాయం కాకముందే చెప్పేయండి. పిల్లలకు వస్తుందా అని అడుగుతారు, వచ్చే అవకాశం మామూలుకన్నా కొంత ఎక్కువే గానీ వచ్చి తీరుతుందని లేదు, అదే చెప్పండి. కొందరు వెనక్కి పోతారు, అప్పుడు బాధ అవుతుంది, కాదనను. కానీ పెళ్లయ్యాక బయటపడి ఇంట్లో గొడవైతే పడే బాధ ముందు అదెంత? ఈ నాలుగు ముక్కలు మీ అమ్మకు చదివి వినిపించు, నాన్న కూడా పక్కనుంటే ఇంకా మంచిది.