ఇండోనేషియా చేపల పల్లెలో వేట మీదే ఇల్లు గడుస్తుందా?

ఇండోనేషియాలో సముద్రం ఒడ్డున ఉండే చిన్న చేపల పల్లెల్లో జనం ఎలా బతుకుతారు, వేట మీదే ఇల్లు గడుస్తుందా అని అడిగారు. నేను దగ్గరగా చూసింది ఒక్క చోటే కాబట్టి అక్కడి సంగతే చెప్తాను. వేట ఒక్కదాని మీదే గడిచే ఇల్లు అక్కడ నాకు కనపడలేదు. అలాగని వేట పూర్తిగా వదిలేసిన ఇళ్లు కూడా నేనున్న వీధిలో లేవు.

నాది కాకినాడ దగ్గర ఉప్పాడ వైపు పల్లె. మా నాన్న వేటకి వెళ్లిన మనిషే. 2023 ఆగస్టు నుంచి 2024 జనవరి దాకా బాలి ద్వీపం తూర్పు కొసన, కరంగాసెం జిల్లాలోని అమెద్‌లో ఒక గది అద్దెకి తీసుకుని, అక్కడి నుంచే లాప్‌టాప్ మీద ఆఫీసు పని చేసుకున్నాను. అమెద్ అని బయటివాళ్లు పిలిచేది ఒక్క ఊరిని కాదు. కొండకీ సముద్రానికీ మధ్య రోడ్డు వెంట వరసగా జెమెలుక్, బునుతన్, లిపా లాంటి పల్లెలుంటాయి. వెనకాల అగుంగ్ అగ్నిపర్వతం. ఇసుక నల్లగా ఉంటుంది. ఇంటాయనని బ్లీ అని, ఆవిడని మ్బొక్ అని పిలిచేదాన్ని. మనం అన్నయ్యా, అక్కా అన్నట్టే.

వాళ్ల పడవని జుకుంగ్ అంటారు. సన్నటి చెక్క పడవ, పల్టీ కొట్టకుండా రెండు పక్కలా చాచిన వెదురు బొంగులు, మూడు మూలల తెరచాప. ముందు కొసన పెద్ద పెద్ద కళ్లున్న ముఖం చెక్కుతారు. అదేంటని అడిగితే "గజమీన" అన్నాడు బ్లీ. ఆ మాట వినగానే నాకు ఒళ్లు పులకరించింది.

చాలా పడవల్లో ఒక్క మనిషే వెళ్తాడు, పడవ కూడా అతనిదే. మా వైపు ఇంజన్ బోటు మీద నలుగురైదుగురు వెళ్లి, ఓనరు వాటా, ఆయిల్ ఖర్చు తీసేశాక మిగిలింది పంచుకుంటారు. ఇక్కడ ఆ పంపకాల గొడవ లేదు. కానీ చేప పడని రోజు నష్టం కూడా ఆ ఒక్కడిదే. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఏడెనిమిది గంటలకల్లా ఒడ్డుకొచ్చేస్తారు. ఒకే తాడుకి వరసగా బోలెడు గాలాలు, ఎరకి బదులు మెరిసే దారం పోగులు. పడేది ఎక్కువగా తొంకోల్, మన సూరచేపల జాతి. పడవ ఒడ్డుకి రాగానే అక్కడ నిలబడ్డవాళ్లంతా, నాతో సహా, బొంగులు పట్టుకుని పైకి లాగాల్సిందే.

అక్కడి నుంచి పెత్తనం ఆడవాళ్లది. బేసిన్లు పట్టుకుని ఒడ్డునే కాచుకుని ఉంటారు. అందరికీ చేప బాగా పడిన రోజు ధర ఒక్కసారి పడిపోతుంది. అలాంటి రోజు మ్బొక్ అమ్మేది కాదు. ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, చిన్న వెదురు బుట్టల్లో సర్దేది. దాన్ని పిందాంగ్ అంటారు. ఐసు అక్కర్లేదు, పచ్చిచేప కంటే ఎక్కువసేపు ఆగుతుంది. మర్నాడు సంతలో నెమ్మదిగా అమ్ముకోవచ్చు. మిగిలింది మాకే. ఉల్లిపాయలు, పచ్చిమిరప, నిమ్మగడ్డి సన్నగా తరిగి, కొబ్బరినూనె పోసి కలిపిన సంబల్‌తో వేడన్నంలో తినేవాళ్లం.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది పడవ ఇంజన్‌కి పోసే పెట్రోలే. ప్రభుత్వ సాయంతో వచ్చే పెర్టలైట్ అప్పుడు లీటరు 10,000 రూపియాలు, మన డబ్బుల్లో 54 దాకా. 2022 సెప్టెంబరు ముందు అది 7,650 ఉండేది. ఆ పెరిగిన డబ్బు చేప ధరలో తిరిగి రాలేదని బ్లీ ఎన్నిసార్లు అన్నాడో. పైగా ఆ ధరకి డబ్బాల్లో పట్టుకోవాలంటే ప్రభుత్వ ఆఫీసు నుంచి లెటర్ కావాలి. లెటర్ లేనప్పుడు రోడ్డు పక్క కొట్లో సీసాల్లో అమ్మేది ఎక్కువ ధరకి కొనడమే. అందుకే గాలి అనుకూలిస్తే ఇంజన్ ఆపేసి తెరచాప ఎత్తేస్తారు. టూరిస్టులు ఆ రంగు చాపల ఫొటోలు తీసుకుంటుంటే నాకు మాత్రం మిగిలిన పెట్రోలే గుర్తొచ్చేది.

చేప కాకుండా ఇంటికి వచ్చే డబ్బు చెప్తాను. మ్బొక్ దగ్గర ఒక స్కూలు నోటుబుక్కు ఉండేది, అన్నీ అందులోనే రాసేది. మా గది అద్దె. టూరిస్టులని పొద్దున్నే పడవ మీద తిప్పితే వచ్చే డబ్బు. చాలాసార్లు అది వేట కంటే నయం. పెంచుతున్న రెండు పందులు. గలుంగన్ పండగ ముందు అమ్మితే ఒక్కసారిగా పెద్ద మొత్తం చేతికొస్తుంది, మనం ఎఫ్‌డీ వేసుకున్నట్టు. క్రూయిజ్ షిప్పులో పనిచేసే కొడుకు పంపేది. వానలు లేని నెలల్లో ఆమె పుట్టింటివాళ్ల ఉప్పు పనిలో కూలి.

ఆ ఉప్పు గురించి రెండు మాటలు. సముద్రపు నీళ్లు మట్టి మడుల మీద చల్లి ఎండబెడతారు. ఆ మట్టిని గీకి గరాటు లాంటి వెదురు బుట్టలో వేసి మళ్లీ సముద్రపు నీళ్లు పోస్తే కింద చిక్కటి ఉప్పునీరు దిగుతుంది. దాన్ని నిలువునా చీల్చి తొలిచిన కొబ్బరి మొద్దుల్లో పోసి ఎండలో వదిలేస్తారు. దీనికి 2015లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సరుకే అని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. అయినా మడులు తగ్గిపోతున్నాయి, ఎందుకంటే ఒడ్డున ఉన్న ఆ నేల హోటల్ కడితే ఎక్కువ పలుకుతుంది. నాకు అక్కడ అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. 2017 నవంబరులో అగుంగ్ పేలి ఎయిర్‌పోర్టు మూసినప్పుడూ, 2020లో కరోనా వచ్చినప్పుడూ టూరిస్టులు దాదాపుగా ఆగిపోయారు. హోటల్ ఉద్యోగం పోయిన కుర్రాళ్లు మళ్లీ తండ్రి పడవ ఎక్కారు. సముద్రం వాళ్లని కాదనలేదు. ఉప్పుమడి మాత్రం ఒకసారి అమ్మేస్తే మళ్లీ రాదు.

అప్పుకి ఊరి సొంత సంస్థ ఉంటుంది, ఎల్‌పీడీ అంటారు. బాలిలో ఇవి 1984 నుంచీ ఉన్నాయి. ఆడవాళ్లు వేసుకునే అరిసాన్ ఉంది, అచ్చం మన లక్కీ చీటీయే. నెలనెలా అందరూ డబ్బు కడతారు, పేరు తగిలినవాళ్లకి మొత్తం ఇస్తారు. డబ్బు ఎక్కువ పోయేది గుడి చందాలకీ, కర్మకాండలకీ. దాన్ని ఎవరూ దండగ అనుకోరు.

డిసెంబరు వచ్చేసరికి పడమటి గాలి మొదలైంది. అలలు పెద్దవి, జుకుంగ్‌లన్నీ ఒడ్డెక్కాయి. ఇంజన్ అంతకుముందే చెడిపోయి షాపులో ఉంది. ఆ నెల నోటుబుక్కులో చేప కింద సున్నా, ఉప్పు కింద సున్నా, నా అద్దె ఒక్కటే. ఆ టెన్షన్‌లో ఉండగా అరిసాన్‌లో మ్బొక్ పేరు తగిలింది. ఆ డబ్బుతో ఇంజన్ బాగుచేయించారు. డిసెంబరు 30న తుంపెక్ లందెప్, ఇనుప సామాన్లకి పూజ చేసే రోజు, మన ఆయుధపూజ లాంటిది. బైకులతో పాటు ఆ ఇంజన్‌ని కూడా కడిగి తుడిచి, కొబ్బరాకు అల్లికలు కట్టి, పూలు, అగరొత్తులు పెట్టారు. బయట సముద్రం హోరెత్తుతూనే ఉంది. బ్లీ దాన్ని మళ్లీ గోనెసంచిలో చుట్టి వంటింటి పక్కన పెట్టాడు, ఫిబ్రవరి దాటాక బిగిస్తానని.