ఖజానా ఖాళీ అన్నప్పుడు సంఘం నాయకులు తగ్గి సంతకం పెట్టడం ద్రోహమేనా?

ప్రభుత్వం డబ్బుల్లేవంటోంది, అద్దెలూ ఫీజులూ పెరిగిపోతున్నాయి, ఇలాంటప్పుడు మా ఉద్యోగ సంఘం నాయకులు తక్కువ పెంపుకే ఒప్పుకుని వచ్చారు, సభ్యత్వం వదిలేయాలా అని ఒక తోటి ఉద్యోగి అడిగారు. వదలొద్దనే నేను చెబుతాను. అలాగని నాయకులు ఏం చేసినా సరేనని కాదు. ఎంత శాతానికి ఒప్పుకున్నారన్న ఒక్కటే చూసి వాళ్ల మీద తీర్పు చెప్పకండి. సంతకం పెట్టకముందు మీకు లెక్క చెప్పారా, రావాల్సిన బకాయిలకు తేదీ రాయించారా, అది చూడండి. నేను కావలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పీఆర్సీ (వేతన సవరణ) గొడవ మొదటినుంచీ దగ్గరుండి చూశాను కాబట్టి ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

కోవిడ్ మొదలవగానే 2020 మార్చి జీతంలో మాకు సగం ఆపారు, పెన్షనర్లకూ సగమే. ఆపిన సొమ్ము తర్వాత ఇచ్చారు గానీ వడ్డీ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు 6 శాతం వడ్డీ కట్టమంది. ఆ కష్టం మరవకముందే 2022 జనవరి 7న ఫిట్‌మెంట్, అంటే పాత బేసిక్ (మూల వేతనం) మీద పీఆర్సీలో వేసే పెంపు, 23 శాతమని ప్రకటించారు. అప్పటికే 2019 జులై నుంచి మేము 27 శాతం ఐఆర్, అంటే పీఆర్సీ తేలేదాకా ఇచ్చే మధ్యంతర భృతి, తీసుకుంటున్నాం.

పాత బేసిక్ 30,000 ఉన్నవాళ్లను తీసుకోండి. ఐఆర్ 8,100. ఫిట్‌మెంట్ 6,900. నెలకు 1,200 తరుగు. ఆగిపోయిన డీఏలు (కరువు భత్యాలు) ఐదింటిని ఒకేసారి కలిపేసరికి చేతికొచ్చే మొత్తం తగ్గినట్టు కనబడలేదు, చాలామంది దాన్ని చూసి ఊరుకున్నారు కూడా. కానీ ఆ డీఏలు ఎప్పుడో ఇవ్వాల్సినవి. మన పాత బాకీ మనకే కొత్త పెంపుగా చూపించారు, అంతే.

కావలి లాంటి ఊళ్లకు అసలు దెబ్బ హెచ్ఆర్ఏలో, అంటే ఇంటద్దె భత్యంలో, తగిలింది. 50 వేలు దాటి 2 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు అంతకుముందు 14.5 శాతం, అంటే 30,000 మీద 4,350. జనవరి జీవోలో దాన్ని 8 శాతం చేశారు. పాత బేసిక్, 30.392 శాతం డీఏ, ఫిట్‌మెంట్ కలిపి కొత్త బేసిక్ సుమారు 46 వేలు అవుతుంది. దాని మీద 8 శాతం వేసినా సుమారు 3,680 మాత్రమే. బేసిక్ పెరిగింది, ఇంటద్దె భత్యం మాత్రం రూపాయల్లోనే తగ్గింది. మా ఇంటి ఓనరమ్మకు ఈ లెక్కలు ఎవరు చెబుతారు? టీవీలో పీఆర్సీ వార్త చూసి పైకి వచ్చి, "మీకు పెరిగిందంట గదా బాబూ, ఈ నెల నుంచి ఇంకో వెయ్యి కలిపి ఇవ్వండి" అంది. ఆమెనూ తప్పుపట్టలేను, ఆమెకు వేరే రాబడి లేదు. ఆ మే నెలకు గ్యాస్ బండ కూడా వెయ్యి రూపాయలకు చేరింది.

ఫిబ్రవరి 3న ఉద్యోగ సంఘాలు పిలిచిన చలో విజయవాడ నిరసనకు మా ఆఫీసు నుంచీ కదిలారు. తర్వాత రెండు రోజులకే చర్చలు ముగిశాయి, 7న మొదలవ్వాల్సిన సమ్మె ఆగింది. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉంది. మా హెచ్ఆర్ఏ 12 శాతానికి వచ్చింది, అంటే సుమారు 5,520. ఐఆర్‌లో ఎక్కువ తీసుకున్నది వెనక్కి లాగబోమన్నారు, పీఆర్సీ మళ్లీ ఐదేళ్లకోసారి అన్నారు. ఉపాధ్యాయ సంఘాలు ఈ ఒప్పందాన్ని తప్పుబట్టి బయటికొచ్చాయి. వాళ్ల కోపం న్యాయమైనదే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అంతమంది రోడ్డెక్కిన రెండు రోజులకే, వచ్చినవాళ్లను ఒక్క మాట అడక్కుండా ముగించేశారు.

ఆ తర్వాత జరిగిన రెండు మీటింగులు చెబుతాను. ఒకదానిలో హెచ్ఆర్ఏ గురించి ఒకామె నిలబడి అడిగితే, "పై కమిటీ నిర్ణయం తల్లీ, మన చేతిలో ఏముంది" అని అక్కడి నాయకుడు కూర్చోబెట్టాడు. ఇంకోచోట తాలూకా స్థాయి కార్యదర్శి ఒకాయన జీవోల జిరాక్సులు తెచ్చి, బ్లాక్‌బోర్డు మీద పాత జీతం ఒకవైపు, కొత్త జీతం ఒకవైపు వేసి, ఎక్కడ పోయింది, ఎక్కడ వచ్చింది, ఏది అడిగీ సాధించలేకపోయారు అన్నీ చెప్పాడు. జనం ఆయన మీద అరిచారు. ఆయన నిలబడి విన్నాడు. ఈ ఇద్దరు నాయకులూ తెచ్చింది ఒకే ఒప్పందం, కానీ మరుసటి ఏడాది చందా కట్టడానికి జనం ఎవరి దగ్గరికి వెళ్లారో నేను చూశాను.

ఆదాయం పడిపోయిన కాలంలో శాతం కంటే ఆలస్యమే ఇంటిని కుదిపేస్తుంది. ఒకటో తారీఖు రావాల్సిన జీతం పదో తారీఖుకు పడితే, ఐదో తారీఖు కట్టాల్సిన ఈఎంఐ బౌన్స్ అవుతుంది, బ్యాంకు పెనాల్టీ వేస్తుంది. మా సీటు పక్కాయన కూతురి పెళ్లికి జీపీఎఫ్ (జీతంలోంచి దాచుకున్న ప్రావిడెంట్ ఫండ్) డబ్బు కోసం అర్జీ పెట్టుకున్నాడు. బిల్లు పాసైందని చూపిస్తోంది, ఖాతాలో డబ్బు మాత్రం లేదు. పెళ్లి ఆగదు కదా, నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. ఆయన సొంత డబ్బు ప్రభుత్వం దగ్గరే ఉంది! ఆ వడ్డీ ఏ ఫిట్‌మెంట్ లెక్కలోనూ కనబడదు.

"మీకేం, సర్కారు జీతం" అనేవాళ్లు మన వీధిలోనే ఉంటారు. వాళ్లతో వాదించకండి. మన ఆఫీసుల్లోనే ఔట్‌సోర్సింగ్ వాళ్లు మన జీతంలో సగం కూడా లేకుండా అదే పని చేస్తున్నారు. 11,500 వేతనంతో అంగన్‌వాడీ టీచర్లు 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మెలో కూర్చున్నారు, సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా లేవలేదు. మన సంఘం ఇలాంటివాళ్ల ఊసు ఎత్తకపోతే మన సమ్మెకు ఊళ్లో ఎవరూ తోడు రారు. నాయకుల్ని ఇదీ అడగాలి.

దాని తర్వాతిదైన 12వ పీఆర్సీ 2023 జులై నుంచి లెక్కలోకి రావాల్సింది. ఈసారి మీటింగుకు మీ పేస్లిప్ పట్టుకెళ్లండి. మీ బేసిక్ మీద ఎంత వస్తుందో బోర్డు మీద వేసి చూపించమనండి. డీఏ బకాయిలు, సరెండర్ లీవు (వాడని సెలవులకిచ్చే డబ్బు), జీపీఎఫ్ ఏ నెలలో ఇస్తారో మినిట్స్‌లో రాయించకుండా సంతకం పెట్టొద్దని తీర్మానం పెట్టించండి. దానికి నాయకుడు ఒప్పుకోకపోతే సంఘం ఎన్నికల్లో మీరే నామినేషన్ వేయండి.