మోచేతి స్కాన్ సరే, తాళం సంగతేంటి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. వయసు 36, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎనిమిది నెలలుగా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. మెడికల్ షాపులో నరాల మాత్రలు ఇస్తే వాడుతున్నాను, కాస్త నయం. ఈమధ్య తాళం తిప్పేటప్పుడు పట్టు జారుతోంది. డాక్టర్ మోచేతికి అల్ట్రాసౌండ్ రాశారు. అది కడుపుకు తీసే స్కాన్ కదా? నేరుగా ఎంఆర్ఐ తీయించుకుంటే పోదా?

జవాబు: స్కాన్ గురించి తర్వాత చెప్తాను. పట్టు జారుతోందని పనిలో పనిగా రాసేశారు గానీ, నాకు కంగారు పుట్టించింది ఆ ముక్కే. తిమ్మిరి ఒక్కటే ఉంటే కొంత ఆగి చూడొచ్చు. బలం తగ్గుతోందంటే ఆగకూడదు. రెండు చేతులూ బోర్లించి పక్కపక్కన పెట్టి చూడండి. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడిందా? ఆ రెండు వేళ్ల మధ్య కాగితం పట్టుకుని ఇంట్లో వాళ్లను లాగమనండి. కాగితం జారకుండా ఆపడానికి బొటనవేలి కొన ముడుచుకుంటోందంటే కండ బలహీనపడినట్టే అనుకోవాలి.

మోచేయి తలుపుకు తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుందే, అదే అల్నార్ నరం. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ స్పర్శ, చేతిలోని చిన్న కండలకు బలం దీని నుంచే వస్తాయి. మోచేతి లోపలివైపు ఎముక వెనక గాడిలో, చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. అందుకే అల్ట్రాసౌండ్‌కు చక్కగా దొరుకుతుంది. నొక్కుడు పడిన చోట నరం ఉబ్బుతుంది, దాని మందం కొలుస్తారు. అడ్డుకోత వైశాల్యం సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తాం. నీటితిత్తి ఉన్నా, ఎముక పెరిగినా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, చేయి మడిచి చాపిస్తూ నరం ఎముక మీదికి జారుతోందా అని అప్పటికప్పుడు చూడొచ్చు. మామూలు ఎంఆర్ఐలో చేయి కదలకూడదు కదా. అయితే ఏ బాధా లేనివాళ్లలోనూ కొందరికి నరం అలా జారుతుంది. రిపోర్టులో ఆ మాట చూసి ఆపరేషన్ అని టెన్షన్ పడకండి. నరం ఎలా పనిచేస్తోందో తెలియాలంటే నర్వ్ కండక్షన్ పరీక్ష కూడా కావాలి. మెడనొప్పి చేతిలోకి లాగుతుంటే అప్పుడు మెడకు ఎంఆర్ఐ గురించి ఆలోచిస్తారు.

ఇక ఆ మాత్రలు. ఎనిమిది నెలలంటే తక్కువ కాదండీ! అవి తిమ్మిరిని అణచొచ్చేమో గానీ నరం మీద నొక్కుడు తీయవు. బాధ తగ్గిందని మీరు అనుకుంటుంటే లోపల కండ కరిగిపోతుంటుంది. కరిగాక ఆపరేషన్ చేసినా పూర్తి బలం రాకపోవచ్చు. అలాగని అన్నీ ఈ రాత్రికే ఆపేయకండి. ప్రీగాబాలిన్ లాంటి నరాల మందులు ఒక్కసారిగా మానకూడదు, డాక్టర్‌ను అడిగి తగ్గించాలి.

షుగర్, థైరాయిడ్, బి12 చూపించుకోండి. చేతిమీద స్పర్శ లేని మచ్చ ఉంటే తప్పక చెప్పండి. కుష్ఠులో కూడా ఈ నరం మందమవుతుంది. సిగ్గుపడి దాచే జబ్బు కాదది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, నయమవుతుంది.

ఈలోగా సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో కారు కిటికీ మీద మోచేయి ఆనించడం, చేయి మడిచి గంటలకొద్దీ ఫోన్ చూడటం మానండి. రాత్రి మోచేతికి వదులుగా తువ్వాలు చుట్టుకుంటే చేయి మరీ మడతపడదు.

మీ చేయి చూడకుండా ఇది ఫలానా జబ్బని నేను తేల్చలేను. రాసిన స్కాన్ ఈ వారమే చేయించుకుని న్యూరాలజిస్టుకు గానీ, చేతి సర్జన్‌కు గానీ చూపించండి. మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. ‘ఎర్రటి మాత్రండీ, పేరు గుర్తులేదు’ అనేవాళ్లు నా ఓపీకి రోజూ నలుగురైనా వస్తారు.