ఇంట్లో తెలుగు మానేయాలా? – సమాధానం

టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరిన మీ పాపను ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థినిగా గుర్తించారనీ, ఇంట్లో తెలుగు మానేయమని టీచరు సలహా ఇచ్చారనీ రాశారు. దయచేసి మానకండి. పిల్లలు తోటివారితో మాట్లాడే ఇంగ్లీషును ఒకటి రెండేళ్లలో పట్టుకుంటారు గానీ, పాఠాలకు కావలసిన ఇంగ్లీషు కుదురుకోవడానికి సుమారు 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1980ల నాటికే చూపారు. అంతకాలం పాప ఆలోచన ఎదగకుండా ఆగి ఉండలేదు కదా. కూడిక, ఆవిరి, కారణం వంటి భావాలు తెలుగులో గట్టిపడితే, ఇంగ్లీషులో ఆమె కొత్తగా నేర్చుకోవలసినవి చాలావరకు మాటలే. అందుకే రోజూ తెలుగులో కథ చదివి, "ఎందుకలా జరిగింది?" అని అడిగి, పూర్తి వాక్యాల్లో చెప్పించండి.

హోమ్ లాంగ్వేజ్ సర్వేలో (బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగే ఫారంలో) తెలుగు అని రాసినందుకు చింతించనక్కర్లేదు. పాపకు ఇంగ్లీషులో ప్రత్యేక సహాయం అందడానికి దారి అదే.

ఇక బడి సంగతి. టెక్సాస్ నిబంధనల ప్రకారం, ఒకే భాష మాట్లాడే ఇలాంటి విద్యార్థులు ఒకే తరగతి స్థాయిలో (గ్రేడ్‌లో) స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) మొత్తంమీద 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ద్విభాషా బోధన, అంటే ఇంటి భాషలోనూ ఇంగ్లీషులోనూ చదువు చెప్పడం, ఏర్పాటు చేయాలి. అర్హులైన టీచర్లు దొరకనప్పుడు డిస్ట్రిక్ట్ మినహాయింపు కోరవచ్చు కనుక మీరు అడిగితే "టీచర్లు లేరు" అనే జవాబే రావచ్చు. అయినా పాప తరగతి స్థాయిలో ఇలాంటి తెలుగు పిల్లల సంఖ్య ఎంతో డిస్ట్రిక్ట్‌ను లిఖితపూర్వకంగా అడగండి, తోటి తల్లిదండ్రులచేత కూడా అడిగించండి.