అక్కా, రామెన్ తిని తిని కడుపు మండుతోంది

ప్రశ్న: అక్కా, మార్చి నుంచి దక్షిణ కొరియాలోని తేజాన్‌లో ఎంఎస్ చదువుతున్నాను. మా హాస్టల్‌లో వంట చేసుకోనివ్వరు. కిందే కన్వీనియన్స్ స్టోర్ ఉంది కదా అని పూటపూటా రామెన్ నూడుల్స్ కప్పే తింటున్నాను, ఇప్పుడు ఒకటే కడుపుమంట. బీఫ్ తినను. తిండికి రోజుకు 10,000 వోన్‌లకు మించి పెట్టలేను. ఏం తినమంటారు?
- ఓ పాఠకుడు, తేజాన్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రామెన్ సంగతి చూద్దాం. కారంగా ఉంది కదా అని అందరూ మొదట పట్టుకునేది షిన్ రామ్యున్ అనే రకం, కానీ కొరియాలో అమ్మేదాని పొడిలో బీఫ్ ఉంటుంది. నాకు ఈ సంగతి రెండు నెలలు తిన్నాక గానీ తెలియలేదు! ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా కింద చిన్న పెట్టెలాంటి గడిలో, చివర 'హమ్‌యు' అని ఉంటుంది, అంటే 'కలిసి ఉన్నవి' అని. అందులో సోగోగి గానీ స్వేగోగి గానీ కనిపిస్తే బీఫ్ అన్నమాట, త్వేజిగోగి అంటే పంది. కొరియన్ మొత్తం తర్వాత నేర్చుకోవచ్చు, ఈ మూడు మాటలూ కొరియన్ లిపిలో ఎలా ఉంటాయో ఈ రాత్రే ఫోన్‌లో దాచుకో.

ఇక తిండి. త్రికోణం కింబాప్, అంటే నాచులో చుట్టిన అన్నం ముద్ద, 1,500 వోన్‌ల అటూ ఇటూ ఉంటుంది, దాని మీద చమ్చిమాయో అని ఉంటే లోపల ట్యూనా చేప, మయొనైజ్. అయినా గడి చూడకుండా కొనకు, మసాలాలో బీఫ్ కలిపే రకాలు ఉంటాయి. విప్పడానికి ఓ పద్ధతుంది: కవరు మీద 1, 2, 3 అంకెలుంటాయి, 1 దగ్గర తోక పట్టుకుని వెనక్కి చుట్టూ లాగి, తర్వాత 2, 3 మూలలు పక్కలకు లాగాలి. నేను మొదటిసారి గుడ్డ మూట విప్పినట్టు ఎటుపడితే అటు లాగేశాను, నాచు కవర్లో ఉండిపోయి అన్నం ముద్ద ఒళ్లో పడింది.

అదొక్కటే తింటే గంటకే ఆకలేస్తుంది, పక్కన ఉడికించిన గుడ్ల జత తీసుకో. 1+1, 2+1 అని రాసి ఉన్నవి చూడు, అంటే ఒకటి కొంటే ఒకటి, రెండు కొంటే ఒకటి ఉచితం. ఇవి నెలనెలా మారుతుంటాయి. కూరలతో ఉండే దోషిరాక్ డబ్బా 5,000 వోన్‌ల దగ్గర ఉంటుంది, రోజుకు ఒక పూట దానికి పెట్టొచ్చు. పళ్లు మాత్రం అక్కడ కొనకు, ధరలు మండిపోతాయి, బజారుకెళ్లు.

నా అసలు రహస్యం పెరుగన్నం. హెట్‌బాన్ అని 210 గ్రాముల వండిన అన్నం డబ్బా ఉంటుంది, మూత కొంచెం తెరిచి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే చాలు. మన అన్నంలా పొడిపొడిగా ఉండదు, జిగురు, పెరుగన్నానికి అదే మేలు. పెరుగులో చాలావరకు తీపివే, 'ముగాదాంగ్' అంటే చక్కెర కలపనిది అని, అది రాసున్నదే కొను. ఉప్పు, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ ఉంటే చాలు, నేను పరీక్షల వారమంతా అలాగే గడిపాను.

అన్నట్టు, మీ యూనివర్సిటీలో 'వెయ్యి వోన్‌ల పొద్దుటి భోజనం' ఉందేమో కనుక్కో. 2017 నుంచి ప్రభుత్వ సాయంతో చాలా కాలేజీ క్యాంటీన్లలో పెడుతున్నారు. కాకపోతే పొద్దున్నే లేవాలి.